గాలి పెరిగినా తగ్గినా ఓల్టేజి నిలవట్లేదు: స్టాట్‌కామ్ కొనేముందు చూడాల్సినవి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. వంద మెగావాట్ల విండ్ ఫార్మ్‌ని పొడవాటి 220 కేవీ లైను చివర కలిపారు. గాలి లేని రాత్రుళ్లు ఓల్టేజి పైకి పోతోంది, గాలి బాగా వీచినప్పుడు కిందికి జారుతోంది, ఎక్కడో దూరంగా ఫాల్ట్ (షార్ట్ సర్క్యూట్) వచ్చి క్లియర్ అయిపోయాక కూడా మీ టర్బైన్లు కొన్ని ట్రిప్ అవుతున్నాయి, అంటే తమంతట తామే గ్రిడ్ నుంచి విడిపోతున్నాయి. ఒక స్టాట్‌కామ్ (రియాక్టివ్ పవర్‌ని వేగంగా ఇస్తూ, పీలుస్తూ ఓల్టేజిని సర్దే ఎలక్ట్రానిక్ పరికరం) పెడితే ఈ మూడూ తీరిపోతాయా, ఎన్ని మెగావార్లది కావాలి? రియాక్టివ్ పవర్ అంటే నేరుగా పని చేయకుండా అటూ ఇటూ ఊగుతూ ఓల్టేజిని నిలబెట్టే పవర్, దాని కొలతే మెగావార్.

పెట్టాల్సి రావచ్చు. కానీ సైజు గురించి మాట్లాడటం ఇప్పుడే తొందరపాటు అవుతుంది. మూడూ ఓల్టేజి సమస్యలే అయినా మూడింటి మూలాలు వేరు, వాటిలో మొదటి రెండింటికి మీ దగ్గర ఇప్పటికే ఉన్న టర్బైన్లే చాలావరకు సరిపోవచ్చు. బోలెడు ఖర్చు పెట్టి స్టాట్‌కామ్ తెచ్చి పెట్టుకుని, దాని పక్కనే టర్బైన్లన్నిటినీ యూనిటీ పవర్ ఫ్యాక్టర్‌లో (రియాక్టివ్ పవర్ ఇవ్వకుండా, పీల్చకుండా) చేతులు కట్టించి నిలబెట్టిన ఫార్మ్‌లు నేను చూశాను. ఆ టర్బైన్ల కన్వర్టర్లలో (కరెంటుని గ్రిడ్‌కి తగ్గట్టు మార్చే ఎలక్ట్రానిక్ భాగాల్లో) ఉన్న రియాక్టివ్ సామర్థ్యం కొత్తగా కొన్న పరికరం కంటే ఎక్కువ! అందుకే ముందు కనెక్షన్ పాయింట్ ఎంత గట్టిదో చూడండి, తర్వాత టర్బైన్ల చేత పని చేయించండి, అప్పటికీ మిగిలిన లోటు ఎంతో తేలాక పరికరం సంగతి చూద్దాం.

లైను మీద ఓల్టేజి తేడా ఉజ్జాయింపుగా ఎలా వస్తుందంటే, యాక్టివ్ పవర్‌ని (మెగావాట్లని) లైను రెసిస్టెన్స్‌తోనూ రియాక్టివ్ పవర్‌ని రియాక్టెన్స్‌తోనూ (ఏసీ కరెంటుకి లైను పెట్టే మరో రకం అడ్డు) గుణించి, రెండూ కలిపి, ఓల్టేజితో భాగించాలి. 220 కేవీ లైన్లలో రెసిస్టెన్స్ కంటే రియాక్టెన్స్ చాలా రెట్లు ఎక్కువ, కాబట్టి అక్కడ ఓల్టేజి పగ్గాలు రియాక్టివ్ పవర్ చేతిలో ఉంటాయి. 11 కేవీ, 33 కేవీ డిస్ట్రిబ్యూషన్ లైన్లలో ఈ రెండూ దాదాపు పక్కపక్కన ఉంటాయి, అక్కడ మెగావాట్లు పెరిగితేనే ఓల్టేజి లేస్తుంది. చిన్న ఫార్మ్‌ని 33 కేవీ ఫీడర్ మీద నడిపినవాళ్లు "గాలి పెరిగితే ఓల్టేజి పెరుగుతుంది కదా, నీకు తగ్గడమేంటి" అంటే వాళ్ల అనుభవం వాళ్ల లైనుకి నిజమే, మీ లైనుకి పనికిరాదు.

ఇక కనెక్షన్ పాయింట్ బలం. దీనికి వాడే కొలత షార్ట్ సర్క్యూట్ రేషియో, ఎస్‌సీఆర్ అంటారు. మీ బస్సు (సబ్‌స్టేషన్‌లో లైన్లన్నీ కలిసే కడ్డీ) దగ్గర ఫాల్ట్ లెవెల్, అంటే అక్కడ షార్ట్ సర్క్యూట్ అయితే గ్రిడ్ తోయగలిగేది, ఎన్ని ఎంవీఏ ఉందో దాన్ని ఫార్మ్ మెగావాట్లతో భాగించడమే. 5 దాటితే పెద్దగా టెన్షన్ లేదు, 3 కంటే తగ్గితే బలహీనమైన గ్రిడ్ అనుకోవాలి, 2 కిందికి పోతే మామూలు సెట్టింగులతో నడపడం కష్టం. మీది 300 ఎంవీఏ అనుకుందాం, అంటే ఎస్‌సీఆర్ 3. ఈ వంద మెగావాట్లని ఆ లైను గుండా తోస్తూ రెండు చివర్లా ఓల్టేజి 1.0 (అంటే ఉండాల్సిన 220 కేవీ) దగ్గరే నిలబెట్టాలంటే, రెసిస్టెన్స్ వదిలేసి లెక్కేస్తే, మీ చివర నుంచి 17 మెగావార్లు లైనుకి ఇవ్వాలి. ఎస్‌సీఆర్ 5 అయితే 10 చాలు. 2 అయితే 27 కావాలి, 1.5 అయితే 38. ఎస్‌సీఆర్ తగ్గే కొద్దీ అవసరం ఎంత జోరుగా పెరుగుతోందో చూశారుగా, ఓల్టేజి కుప్పకూలడం అనే ప్రమాదం మొదలయ్యేది ఆ వంపులోనే.

ఫాల్ట్ లెవెల్ అడిగేటప్పుడు ఒక జాగ్రత్త. బ్రేకర్ల రేటింగ్ కోసం ఇచ్చే గరిష్ఠ విలువ మీకు పనికిరాదు. గ్రిడ్‌లో జనరేటర్లు తక్కువగా నడిచే సమయంలో, రెండు సర్క్యూట్లలో ఒకటి షట్‌డౌన్‌లో ఉన్నప్పుడు ఎంత ఉంటుందో ఆ కనిష్ఠ విలువ కావాలి. అదే బస్సు మీద పక్క ఫార్మ్ ఉంటే దాని మెగావాట్లు కూడా కలిపి భాగించాలి. మీ ఒక్కరికి 3 అని చూపించే చోట పక్కవాళ్లది ఇంకో వంద కలిస్తే అది 1.5, ఇద్దరూ కలిసి లైనుకి ఇవ్వాల్సింది 76 మెగావార్లు. ఎవరికి వాళ్లు విడిగా స్టడీ చేయించుకుంటే ఇది ఎవరి రిపోర్టులోనూ కనపడదు.

ఇప్పుడు ఫార్మ్ లోపలికి రండి, ఎక్కువమంది వదిలేసేది ఇక్కడే. టర్బైన్ తయారీదారు "మా యంత్రం 0.95 పవర్ ఫ్యాక్టర్ ఇస్తుంది" అంటాడు, గ్రిడ్ కోడ్ (గ్రిడ్‌కి కలిసేవాళ్లు పాటించాల్సిన నిబంధనలు) కూడా 0.95 అంటుంది, సరిపోయిందని సంతకాలు అయిపోతాయి. కానీ తయారీదారు మాట 690 ఓల్టుల టెర్మినల్ దగ్గర, కోడ్ మాట 220 కేవీ బస్సు దగ్గర. మధ్యలో రెండు ట్రాన్స్‌ఫార్మర్లు ఉన్నాయి. టర్బైన్ కింద ఉన్నదాని ఇంపీడెన్స్ 6 శాతం, మెయిన్ ట్రాన్స్‌ఫార్మర్‌ది 12 శాతం అనుకుంటే ఫుల్ లోడ్‌లో అవి రెండూ కలిసి 18 మెగావార్ల దాకా తినేస్తాయి. వంద మెగావాట్లకి 0.95 అంటే టర్బైన్ల దగ్గర ఉన్నది మొత్తం 33. లోపలి 33 కేవీ కేబుళ్లు కిలోమీటరుకి 85 కిలోవార్ల చొప్పున ఇస్తాయనుకోండి, యాభై కిలోమీటర్ల కేబుల్‌కి 4 మెగావార్లు తిరిగి వస్తాయి. 33లో 18 పోయి 4 కలిస్తే బయటికి వచ్చేది 19 మాత్రమే, ఎస్‌సీఆర్ 3 దగ్గర లైను అడిగేది 17. అంటే బొటాబొటిగా సరిపోతోంది, అదీ ఒక్క టర్బైన్ కూడా యూనిటీలో మొండికేయకపోతే. మీకు గాలి పెరిగినప్పుడు ఓల్టేజి జారడానికి కారణం నూటికి తొంభై పాళ్లు ఇదే అయ్యుంటుంది.

రాత్రి కథ దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. గాలి లేదు, ట్రాన్స్‌ఫార్మర్లు ఖాళీ, తినేవాళ్లు లేరు. కేబుళ్లు మాత్రం తమ 4 మెగావార్లు ఇస్తూనే ఉంటాయి, 220 కేవీ లైను కూడా కిలోమీటరుకి 0.13 మెగావార్ చొప్పున పుట్టిస్తుంది, అరవై కిలోమీటర్ల లైనుకి 8 అవుతుంది. ఈ పన్నెండూ ఎటు పోవాలి? దూరంగా ఉన్న గ్రిడ్ వైపే పోవాలి, పోతూ మీ చివర ఓల్టేజిని ఎత్తి పెడతాయి. ఫుల్ కన్వర్టర్ టర్బైన్లు (పవర్ అంతా కన్వర్టర్ గుండానే పంపేవి) అయితే రెక్కలు ఆగి ఉన్నా రియాక్టివ్ పవర్ పీల్చుకోగలవు, ఆ ఆప్షన్ కొని, ఎనేబుల్ చేసి ఉంటే. డీఎఫ్‌ఐజీ టర్బైన్లలో (స్టేటర్ నేరుగా గ్రిడ్‌కి, రోటర్ కన్వర్టర్ ద్వారా కలిసి ఉండేవి) కన్వర్టర్ మొత్తం సామర్థ్యంలో పావు నుంచి మూడో వంతు వరకే ఉంటుంది, రోటర్ ఆగితే స్టేటర్ గ్రిడ్ నుంచి విడిపోతుంది, అప్పుడు గ్రిడ్ వైపు కన్వర్టర్ ఇచ్చే కొద్దిపాటి మాత్రమే మిగులుతుంది. ఆ కొద్దిపాటి చాలకపోతే ఒక షంట్ రియాక్టర్ (రియాక్టివ్ పవర్‌ని పీల్చే పెద్ద కాయిల్) పెట్టడం మంచిది, స్టాట్‌కామ్‌తో పోలిస్తే చాలా చవక, చెడిపోయేందుకు అందులో పెద్దగా ఏమీ ఉండదు.

సరే, టర్బైన్లు ఏ మోడ్‌లో ఉన్నాయి? ప్లాంట్ కంట్రోలర్ స్క్రీన్ తెరిస్తే సాధారణంగా మూడు మోడ్‌లు ఉంటాయి: ఫిక్స్‌డ్ పవర్ ఫ్యాక్టర్, ఫిక్స్‌డ్ రియాక్టివ్ పవర్, ఓల్టేజి కంట్రోల్. మీది మొదటిదానిలో ఉందని నా అనుమానం, కమిషనింగ్ రోజు పెట్టి వదిలేసేది ఎక్కువగా అదే. ఆ మోడ్‌లో కంట్రోలర్ ఓల్టేజి వైపు చూడనే చూడదు, మెగావాట్లకి తగ్గట్టు మెగావార్లు మార్చుకుంటూ పోతుంది. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ దాదాపు మొత్తం చీకటైనప్పుడు ఓల్టేజి పెరిగి ప్లాంట్లు ఒకదాని వెంట ఒకటి ట్రిప్ అయ్యాయి. అక్కడి రెన్యూవబుల్ ప్లాంట్లు చాలావరకు ఫిక్స్‌డ్ పవర్ ఫ్యాక్టర్‌లో ఉండటం వల్ల ఓల్టేజిని అదుపు చేయడంలో వాటి చేయి లేకుండా పోయింది. ఈ మోడ్‌లో ప్లాంట్ రియాక్టివ్ పవర్ పీలుస్తూ ఉండగా మెగావాట్లు తగ్గాయనుకోండి, పీల్చడం కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది, అసలే ఎక్కువగా ఉన్న ఓల్టేజి ఇంకా పైకి పోతుంది. సరిగ్గా అవసరమైన వేళ ఎదురు పని చేయడం అంటే ఇదే.

కాబట్టి గ్రిడ్ ఆపరేటర్ అనుమతి తీసుకుని ఓల్టేజి కంట్రోల్‌కి మార్చండి, డ్రూప్‌తో సహా. డ్రూప్ 4 శాతం అంటే, ఓల్టేజి సెట్ పాయింట్ నుంచి 4 శాతం జరిగితే మీ రియాక్టివ్ సామర్థ్యం మొత్తం బయటికి వస్తుంది, 1 శాతం జరిగితే పావు వంతు. డ్రూప్ లేకుండా "కచ్చితంగా 1.0 పట్టుకో" అని పెట్టారో, పక్క ఫార్మ్ కూడా అలాగే పెట్టుకుందో, ఇక రెండూ తాడు చెరో వైపు లాగుతాయి. కొలతల్లో అర శాతం తేడా ఉన్నా చాలు, ఒకటి పూర్తిగా ఇస్తూ, రెండోది పూర్తిగా పీలుస్తూ ఉంటాయి, ఓల్టేజి మాత్రం చూడటానికి బాగానే ఉంటుంది! ట్రాన్స్‌ఫార్మర్లు వేడెక్కడం చూసి ఎవరో గమనించేదాకా ఇది బయటపడదు.

ట్యాప్ ఛేంజర్‌ని (ట్రాన్స్‌ఫార్మర్ ఓల్టేజిని మెట్లుమెట్లుగా మార్చేది) కూడా ఇదే పూటలో చూడండి. దానికి సెకన్లు, పదుల సెకన్లు పడుతుంది, గాలి ఆటుపోట్ల వెంట పరిగెత్తడం దాని పని కాదు. అది, ప్లాంట్ కంట్రోలర్ రెండూ ఒకే బస్సు ఓల్టేజిని పట్టుకోవాలని చూస్తుంటే ట్యాప్ పైకీ కిందకీ ఊగుతూనే ఉంటుంది. ఆపరేషన్ కౌంటర్ చూడండి, గాలి ఉన్న రోజు, గాలి లేని రోజు విడివిడిగా రాసుకోండి. తేడా పెద్దగా ఉంటే ట్యాప్ డెడ్ బ్యాండ్ (ఓల్టేజి ఎంత జరిగేదాకా కదలకూడదో ఆ పరిధి) వెడల్పు చేసి, టైమ్ డిలే పెంచి, వేగంగా చేయాల్సిన పని కన్వర్టర్లకి వదిలేయాలి. కెపాసిటర్ బ్యాంకులు (రియాక్టివ్ పవర్ ఇచ్చేవి) ఉంటే స్టెప్ సైజు చూడండి, 300 ఎంవీఏ బస్సు మీద 10 మెగావార్ల స్టెప్ ఒక్కసారి వేస్తే ఓల్టేజి 3 శాతం పైనే ఎగురుతుంది. స్టెప్ చిన్నదిగా ఉండాలి.

ఇప్పుడు మీ మూడో సమస్య, నాకు అన్నిటికంటే ముఖ్యమైనదిగా తోచేది కూడా ఇదే, ఫాల్ట్ తర్వాత ట్రిప్ అవడం.

పాత తరం ఫిక్స్‌డ్ స్పీడ్ టర్బైన్లలో ఇండక్షన్ జనరేటర్ నేరుగా గ్రిడ్‌కి కలిసి ఉంటుంది. దాని టార్క్ ఓల్టేజి వర్గం (స్క్వేర్) మీద ఆధారపడుతుంది, ఓల్టేజి సగమైతే టార్క్ నాలుగో వంతు. గాలి మాత్రం తోస్తూనే ఉంటుంది కదా, రోటర్ వేగం పుంజుకుంటుంది, స్లిప్ (గ్రిడ్ వేగానికీ రోటర్ వేగానికీ తేడా) పెరుగుతుంది, ఫాల్ట్ క్లియర్ అయ్యాక ఆ జనరేటర్ విపరీతంగా రియాక్టివ్ పవర్ లాగుతుంది, ఆ లాగుడుకి ఓల్టేజి తేరుకోలేక మళ్లీ పడుతుంది. అక్కడ కెపాసిటర్లు ఆదుకుంటాయనుకుంటే అవి కూడా ఓల్టేజి వర్గంతోనే తగ్గుతాయి, 0.7 ఓల్టేజి దగ్గర ఇచ్చేది సగమే. స్టాట్‌కామ్ అయితే ఓల్టేజి పడినా కరెంటు పూర్తిగా ఇస్తుంది కాబట్టి అదే చోట 70 శాతం ఇస్తుంది. మీ దగ్గర ఇలాంటి పాత యంత్రాలు ఉంటే స్టాట్‌కామ్ నిజంగా అక్కరకొస్తుంది, ఆ మాట నేను గట్టిగానే చెబుతాను.

డీఎఫ్‌ఐజీ టర్బైన్లు ఉంటే క్రోబార్ సంగతి చూడాలి. ఓల్టేజి ఒక్కసారిగా పడితే రోటర్‌లో కరెంటు ఎగసిపడుతుంది, కన్వర్టర్‌ని కాపాడటానికి క్రోబార్ రోటర్‌ని రెసిస్టర్ల గుండా షార్ట్ చేస్తుంది. ఆ కాసేపు అది మామూలు ఇండక్షన్ జనరేటర్‌లాగా మారిపోయి, గ్రిడ్‌కి ఇవ్వాల్సిన వేళ గ్రిడ్ నుంచే రియాక్టివ్ పవర్ లాగుతుంది. క్రోబార్ ఎంతసేపు పట్టుకుని ఉందో రికార్డులో కనిపిస్తుంది. తర్వాత వచ్చిన డిజైన్లలో కన్వర్టర్ లోపలి డీసీ లింక్ మీద చాపర్ (మిగులు శక్తిని రెసిస్టర్‌లోకి మళ్లించే స్విచ్) పెట్టి ఈ అవసరాన్ని బాగా తగ్గించారు.

మీరు "ఫాల్ట్ క్లియర్ అయిపోయాక ట్రిప్" అన్నారు, ఆ మాటే నన్ను ఆపింది. ఫాల్ట్ నడుస్తుండగా ట్రిప్ అయితే అది తక్కువ ఓల్టేజి సంగతి. క్లియర్ అయ్యాక అయితే ఎక్కువ ఓల్టేజిని అనుమానించాలి. ఒక ఫార్మ్ డిస్టర్బెన్స్ రికార్డులో నేను చూసిన వరస ఇలా ఉంది: ఓల్టేజి 0.4కి పడింది, టర్బైన్లు నిబంధన ప్రకారం రియాక్టివ్ కరెంటు బలంగా తోశాయి, 120 మిల్లీసెకన్లకి బ్రేకర్ తెరుచుకుని ఫాల్ట్ పోయింది, కానీ కన్వర్టర్లు ఆ సంగతి గ్రహించి తోయడం ఆపేలోపు కొన్ని పదుల మిల్లీసెకన్లు గడిచాయి, ఆ కాస్త సమయంలోనే ఓల్టేజి 1.2 దాటింది, లైను చివరన ఉన్న టర్బైన్లు ఓవర్ ఓల్టేజి మీద వరసగా పడిపోయాయి. ఈవెంట్ లాగ్‌లో మాత్రం "గ్రిడ్ ఫాల్ట్" అని ఒక్క మాటే ఉంది. అక్కడ ఇంకో మెగావార్ కూడా అక్కర్లేదు, ఉన్నదాన్ని తగ్గించాలి: ఓల్టేజి 1 శాతం పడితే 2 శాతం కరెంటు ఇచ్చే సెట్టింగుని బలహీనమైన గ్రిడ్‌కి తగ్గట్టు దించాలి, అదీ గ్రిడ్ కోడ్ ఒప్పుకునేంత వరకే.

ఇది ఏ ఒక్క ఫార్మ్‌కో పరిమితమైన సంగతి కాదు. చైనాలోని గాన్సు ప్రాంతంలో 2011 ఫిబ్రవరి 24న ఒక కేబుల్ టెర్మినేషన్ ఫాల్ట్‌తో మొదలై 598 టర్బైన్లు, దాదాపు 840 మెగావాట్లు పోయాయి. తక్కువ ఓల్టేజిని తట్టుకునే సామర్థ్యం లేక కొన్ని పడ్డాయి. అవి పోగానే లైన్ల మీద లోడ్ తగ్గింది, కెపాసిటర్లు మాత్రం లైన్లోనే ఉండిపోయాయి, ఓల్టేజి పెరిగి మిగతావి పడ్డాయి. సౌత్ ఆస్ట్రేలియాలో 2016 సెప్టెంబర్ 28న తుఫానుకి లైన్లు కూలి రెండు నిమిషాల్లో ఆరుసార్లు ఓల్టేజి పడింది. అక్కడి టర్బైన్లు ఒక్కో డిప్‌ని బాగానే తట్టుకున్నాయి, కానీ ఇంత సమయంలో ఇన్నిసార్లకి మించి తట్టుకోకూడదనే ఒక పరిమితి కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌లో ఉంది, అది దాటగానే తొమ్మిది ఫార్మ్‌ల నుంచి ఏడు సెకన్లలోపు 456 మెగావాట్లు తగ్గాయి. ఆ భారం పడి పక్క రాష్ట్రంతో ఉన్న ఇంటర్‌కనెక్టర్ ట్రిప్ అయింది, రాష్ట్రమంతా చీకటైంది. మీ టర్బైన్లలో ఆ లెక్క ఎంత పెట్టి ఉందో తయారీదారుని రాతపూర్వకంగా అడగండి, నోటిమాట చాలదు.

ఇంకొకటి, బలహీనమైన గ్రిడ్‌లో కంట్రోలర్ మరీ చురుగ్గా ఉన్నా ముప్పే. 2019 ఆగస్టు 9న బ్రిటన్‌లో పిడుగు పడి వచ్చిన చిన్న ఓల్టేజి కదలికకి హార్న్‌సీ సముద్ర విండ్ ఫార్మ్ ఓల్టేజి కంట్రోల్ ఊగిసలాటలో పడి 799 మెగావాట్ల నుంచి 62కి పడిపోయింది. అంతకు ఒక పది నిమిషాల ముందే చిన్న ఊగిసలాట కనిపించి అణిగిపోయింది కూడా. మీ రికార్డుల్లో కొన్ని హెర్ట్జ్‌ల వేగంతో వచ్చి అణిగిపోయే అలలు ఉంటే "పోయిందిలే" అని వదలొద్దు. గ్రిడ్ ఫేజ్‌ని పట్టుకునే పీఎల్‌ఎల్ గెయిన్, ఓల్టేజి లూప్ గెయిన్ ఎస్‌సీఆర్‌కి తగ్గట్టు ఉన్నాయో లేదో అసలు కంట్రోల్ కోడ్‌తో చేసిన ఈఎంటీ మోడల్ (తరంగాన్ని క్షణక్షణం లెక్కించే సిమ్యులేషన్) మీదే తేలుతుంది, సగటు విలువలతో చేసే మామూలు ఆర్‌ఎంఎస్ స్టడీలో ఇవి చాలాసార్లు కనపడవు. అలాగే ఫాల్ట్ తర్వాత మెగావాట్లని ఒక్కసారిగా పైకి తీసుకురావద్దు, బలహీనమైన లైను మీద అది రెండో డిప్‌ని తెస్తుంది.

ఇక మీ అసలు ప్రశ్న, సైజు. ఒక సర్క్యూట్ షట్‌డౌన్‌లో ఉండి ఫాల్ట్ లెవెల్ 150కి పడిందనుకోండి. వంద మెగావాట్లూ పంపాలంటే లైనుకి 38, ట్రాన్స్‌ఫార్మర్లకి 18, మొత్తం 56. కేబుళ్లు ఇచ్చే 4, టర్బైన్లు ఇచ్చే 33 తీసేస్తే లోటు 19, మార్జిన్ కలిపితే 25 మెగావార్ల స్టాట్‌కామ్ అని తేలుతుంది. కానీ అదే సమయంలో ఉత్పత్తిని 60 మెగావాట్లకి తగ్గిస్తే లైనుకి 12 లేదా 13, ట్రాన్స్‌ఫార్మర్లకి 6 లేదా 7, మొత్తం 19 చాలు, టర్బైన్లే తీర్చేస్తాయి. కాబట్టి ఆ షట్‌డౌన్ ఏడాదిలో ఎంతసేపు ఉంటుంది, అప్పుడు పోగొట్టుకునే యూనిట్ల విలువ ఎంత, స్టాట్‌కామ్ ఖరీదు ఎంత, ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. ఈ లెక్క మీ అసలు అంకెలతో మళ్లీ చేయాలి, నేను వాడినవి ఉదాహరణ కోసమే.

కనిష్ఠ ఎస్‌సీఆర్ నిజంగానే 1.5 దగ్గరుండి, పక్కన ఇంకా ఫార్మ్‌లు వచ్చేట్టుంటే నేను స్టాట్‌కామ్ కంటే సింక్రనస్ కండెన్సర్ (లోడ్ లేకుండా తిరుగుతూ రియాక్టివ్ పవర్ ఇచ్చే పెద్ద యంత్రం) వైపే మొగ్గుతాను. స్టాట్‌కామ్ మెగావార్లు ఇస్తుంది కానీ ఫాల్ట్ కరెంటు తన రేటింగ్‌కి మించి పెద్దగా ఇవ్వదు, బస్సు బలం పెరగదు. కండెన్సర్ తన రేటింగ్‌కి కొన్ని రెట్లు ఫాల్ట్ కరెంటు ఇస్తుంది, తిరిగే బరువు వల్ల ఇనర్షియా (ఫ్రీక్వెన్సీ గబుక్కున మారకుండా ఆపే జడత్వం) కూడా వస్తుంది. నష్టాలు, మెయింటెనెన్స్ ఎక్కువే, అది ఒప్పుకోవాలి. గ్రిడ్ ఫార్మింగ్ కన్వర్టర్ (గ్రిడ్‌ని అనుసరించకుండా ఓల్టేజిని తానే నిలబెట్టేది) ఉన్న బ్యాటరీ మూడో దారి, నిల్వ అవసరం ఎలాగూ ఉంటే అదే ముందు చూడండి.

ప్లాంట్ కంట్రోలర్ మోడ్ స్క్రీన్ ఫొటో, ట్యాప్ కౌంటర్ అంకెలు, ఒక ట్రిప్ సమయంలో 220 కేవీ వైపు మూడు ఫేజుల ఓల్టేజి, కరెంటు రికార్డు పంపండి. రికార్డులో ట్రిప్ తర్వాత రెండు సెకన్లైనా ఉండాలి. ఆ ట్రిప్ తక్కువ ఓల్టేజిదో, ఎక్కువ ఓల్టేజిదో తేలిపోతే స్టాట్‌కామ్ టెండర్ ముందుకు నడపాలో ఆపాలో ఆ రోజే చెప్పొచ్చు.